పర్లాకిమిడి వంటింట్లో పప్పు: కుక్కర్ పెట్టడం నుంచి డాల్మా పోపు దాకా

రాయగడలో కొత్తగా కాపురం పెట్టిన మా అమ్మాయి మొన్న ఆదివారం ఫోన్ చేసింది. "అమ్మా, పది విజిల్స్ వచ్చాయి. పప్పు ఇంకా పలుకు పలుకుగానే ఉంది. ఇంట్లో చుట్టాలున్నారు, టెన్షన్‌గా ఉంది" అంది.

"చింతపండు ఎప్పుడు వేశావే?" అన్నాను.

"పప్పుతో పాటే కుక్కర్లో వేసేశాను."

అదీ సంగతి. ఇరవై మూడేళ్ళు నా చేతి పప్పు తిన్న పిల్లకి ఇంత ముఖ్యమైన మాట చెప్పకుండా పంపేశానా అని మనసు చివుక్కుమంది. ఆ రోజు దానికి ఫోన్లో చెప్పినవీ, చెప్పడానికి టైం చాలనివీ అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మేం ఇటువైపు ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. వంటింట్లో మాత్రం రెండూ ఉన్నాయి. ముద్దపప్పు, పప్పుచారు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కూరముక్కలు వేసి చేసే ఒడియా పప్పు డాల్మా. అది పక్కింటి మావుసి (పిన్ని) నేర్పింది. రెండు వంటలూ ఒకే కందిపప్పుతో మొదలవుతాయి. ఏది ఎప్పుడు గిన్నెలో పడాలి అన్న దగ్గర విడిపోతాయి. పప్పు వంటంతా ఆ వరసలోనే ఉందని నా నమ్మకం. అది పట్టుబడితే కొలతలు అటూ ఇటూ అయినా ఏం కాదు.

పప్పు కొనేటప్పుడు

ఇటువైపు కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు ఒడియా పేర్లు తెలియాలి. కందిపప్పు అంటే హరడ డాలి. పెసరపప్పు ముగ డాలి, శనగపప్పు బుట డాలి, మినపప్పు బిరి డాలి, ఎర్రపప్పు మసూర డాలి. ఉలవల్ని కొళథ అంటారు. రాయగడ, కొరాపుట్ వైపు సంతల్లో కందుల్ని 'కాందుల' అనే అంటారు. ఆ మాట వింటే మన ఊరివాళ్ళు పలకరించినట్టే ఉంటుంది. కొండవాలు పొలాల్లో చోళ్ళతో (రాగులతో) కలిపి కందులు వేస్తారు. చలికాలం చివరికి పంట చేతికి వస్తుంది. మన్యంలో కంది కొత్తల పండగ చేసి దేవతకి పెట్టాకే కొత్త కందులు నోట పెట్టుకుంటారు.

ఆ రోజుల్లో సంతకి వెళ్తే పాలిష్ పట్టని పప్పు దొరుకుతుంది. కొంచెం మాసినట్టు, అక్కడక్కడా పొట్టు అంటుకుని ఉంటుంది. దాన్నే కొనండి. ప్యాకెట్లో మెరిసిపోయే పసుప్పచ్చ పప్పు కన్నా త్వరగా ఉడుకుతుంది, వాసన కూడా బాగుంటుంది. పప్పు కొత్తదో పాతదో తెలియాలంటే గుప్పెడు తీసి అరచేతుల మధ్య రుద్దండి. తెల్లటి పిండి బాగా రాలితే అది చాలా రోజులు నిలవున్నదో, పురుగు తిన్నదో. పాత పప్పు ఎంత ఉడికించినా లోపల గట్టిగానే ఉంటుంది.

విడిగా కొనేటప్పుడు ఇంకొకటి చూడాలి. కందిపప్పులో కేసరి పప్పు కలిపే మోసం ఎప్పటినుంచో ఉంది. కంది బద్ద గుండ్రంగా ఉంటుంది. కేసరి బద్ద ఒక పక్కకి వాలి, గొడ్డలితో నరికినట్టు కోణంగా ఉంటుంది. దాన్ని రోజూ ఎక్కువగా, నెలల తరబడి తింటే కాళ్ళు చచ్చుబడే జబ్బు వస్తుంది. పళ్ళెంలో పరిచి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇంటికి తెచ్చాక ఒక పూట ఎండలో పెట్టి, చల్లారాక డబ్బాలో పోసి రెండు వేపరెమ్మలు వేస్తాను. ఏడాదికి సరిపడా కొంటే కొద్దిగా ఆముదం పట్టిస్తాం. వండే ముందు నాలుగుసార్లు కడిగితే ఆ జిడ్డు పోతుంది.

ఉడికించడం

కడగడం, నానబెట్టడం, ఉడికించడం అందరికీ తెలిసినవే అనుకుంటాం కానీ సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి.

నీళ్ళు తేటపడే వరకూ కడగాలి. కందిపప్పు అరగంట నానితే చాలు, శనగపప్పుకి గంట కావాలి. పెసరపప్పుకి నానబెట్టడం అక్కర్లేదు, దాన్ని వేపుకోవాలి, అది తర్వాత చెప్తాను. ఉలవలు మాత్రం రాత్రంతా నానాలి.

గ్లాసు కందిపప్పుకి మూడు గ్లాసుల నీళ్ళు, పావు చెంచా పసుపు, చెంచా నూనె. పసుపు ఏదైనా పరవాలేదు కానీ, మా పక్కనే ఉన్న కంధమాల్ పసుపు దొరికితే అదే వాడండి. 2019లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర) వచ్చింది, వాసన ఘాటుగా ఉంటుంది, చిటికెడు చాలు. నూనె వేసేది నురగ పొంగకుండా. పప్పు నురగ పొంగి కుక్కర్ విజిల్ రంధ్రంలో అడ్డుపడుతుంది. అందుకే పప్పు పెట్టినప్పుడు పప్పూ నీళ్ళూ కలిపి కుక్కర్లో సగానికి మించకూడదు. నాలుగు విజిల్స్ వచ్చాక మంట తగ్గించి అయిదు నిమిషాలు ఉంచి ఆపేయండి. ఆవిరి దానంతట అది దిగాలి. విజిల్ ఎత్తి ఆవిరి వదిలేస్తే ఆ లోపల జరగాల్సిన ఉడుకు మిగిలిపోతుంది.

సరిగ్గా ఉడికిందో లేదో చూడటానికి ఒక బద్ద తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. వెన్నలా జారిపోవాలి. మధ్యలో సూదిమొన అంత గట్టిగా తగిలినా మళ్ళీ రెండు విజిల్స్ రానివ్వాలి.

మా అమ్మాయి ఇంట్లో చింతపండుతో పాటు ఇంకో చిక్కు ఉంది. వాళ్ళది బోరు నీళ్ళు. గిన్నెల అడుగున తెల్లటి సున్నం గార కట్టే నీళ్ళలో పప్పు మొండికేస్తుంది. నీళ్ళలోని సున్నం పప్పు గింజ గోడల్ని గట్టిపరుస్తుంది. అలాంటి చోట వంటకి ఫిల్టర్ నీళ్ళు వాడాలి. అవి లేకపోతే బోరు నీళ్ళనే తెర్లకాచి, చల్లార్చి, పైన తేరిన నీళ్ళు వంచుకోవాలి. నానబెట్టే నీళ్ళలో అరచెంచా ఉప్పు వేసి, ఆ నీళ్ళు పారబోసి వండినా తేడా కనిపిస్తుంది. ఉప్పు వేస్తే పప్పు ఉడకదని పెద్దవాళ్ళు అంటారు. నేనూ చాలాకాలం నమ్మాను, కానీ ఉప్పు వల్ల ఏ ఇబ్బందీ లేదు. తినే సోడా మాత్రం వెయ్యకండి. పప్పు మెత్తబడుతుంది నిజమే, కానీ సబ్బు రుచి వస్తుంది, అందులో ఉన్న బి1 విటమిన్ కూడా పోతుంది.

ఇక పులుపు. చింతపండు, మామిడికాయ, గోంగూర, టమాటా, నిమ్మరసం, ఏదైనా సరే పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే కలపాలి. పులుపు తగిలితే గింజ గోడ బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎన్ని విజిల్స్ వచ్చినా లోపలి పలుకు కరగదు. కూరగాయలకీ ఇదే వర్తిస్తుంది. పప్పుచారులో ములక్కాడ, వంకాయ సగం మగ్గకముందే చింతపండు పోస్తే అవి బిరుసుగానే ఉండిపోతాయి. బెండకాయ ఒక్కటి వేరు. దానికి పులుపు తగిలితేనే జిగురు పోతుంది.

ముద్దపప్పు, పుల్లపప్పు, పప్పుచారు

మొదట ముద్దపప్పు నేర్చుకోండి. పప్పుని బాణలిలో నూనె లేకుండా సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చే వరకే వేపాలి, రంగు మారకూడదు. తర్వాత కడిగి, గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్ళతో ఉడికించాలి. మూత తీశాక పైన నీళ్ళు తేలితే గిన్నెలోకి వంచి పక్కన పెట్టుకోండి, అది చారుకి పనికొస్తుంది. వేడి మీదే ఉప్పు వేసి పప్పుగుత్తితో మెదపాలి. చల్లారాక మెదిపితే ఉండలు కడుతుంది. మిక్సీలో వేస్తే జిగురు సాగుతుంది. పోపు అక్కర్లేదు, నెయ్యి, ఆవకాయ ఉంటే చాలు.

పుల్లపప్పుకి పులుపుని విడిగా సిద్ధం చేసుకుని, మెదిపిన పప్పులో కలిపి అయిదు నిమిషాలు ఉడకనివ్వాలి. మామిడికాయ ముక్కల్ని కుక్కర్లోనే వేరే గిన్నెలో పెట్టొచ్చు. గోంగూర విడిగా చెంచా నూనెలో మగ్గించాలి. చింతచిగురుని అరచేతిలో నలిపి పుల్లలు తీసేసి, నూనెలో ఒక్క నిమిషం తిప్పితే చాలు, ఎక్కువసేపు ఉంచితే ఆ లేత వాసన పోతుంది. తోటకూర, బచ్చలి పుల్లటివి కావు కాబట్టి పప్పుతో పాటే ఉడికించి, చివర్లో చింతపండు రసం పొయ్యొచ్చు. పోపులో ఆవాలు, మినపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు ఈ వరసలోనే పడాలి. ఇంగువ దించే ముందు వెయ్యాలి.

పప్పుచారు ఇటువైపు కాస్త తియ్యగా ఉంటుంది. ములక్కాడ, సొరకాయ, వంకాయ ముక్కల్ని మూడు గ్లాసుల మామూలు నీళ్ళలో ముప్పాతిక వంతు ఉడికించాలి. నిమ్మకాయంత చింతపండు పిసికిన రసం, పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి బాగా మరగనిచ్చాక రెండు గరిటెల మెదిపిన పప్పు జారుగా కలిపి పొయ్యాలి. పప్పు పడ్డాక పది నిమిషాలకి మించి మరిగించకూడదు. చిక్కబడిపోయి పులుసులా అవుతుంది.

డాల్మా

దీనికి తీరిక ఉన్న రోజు పెట్టుకోండి. మన పప్పులో కూర కరిగిపోవాలి, డాల్మాలో ముక్క నిలబడాలి. పప్పు కూడా మెదపకూడదు, బద్ద చితికీ చితకనట్టు ఉండాలి. పులుపు అసలు ఉండదు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేసేదే అసలైన డాల్మా. పూరీ జగన్నాథుడి గుళ్ళో వంటల్లో బంగాళాదుంప, టమాటా కూడా వాడరు. ఇళ్ళల్లో బంగాళాదుంప వేసుకుంటారు.

నలుగురికి అర గ్లాసు కందిపప్పు తీసుకోండి. పెసరపప్పుతోనూ చేస్తారు. కూరముక్కలు మాత్రం పప్పుకి మూడింతలు ఉండాలి. పచ్చి బొప్పాయి, చేమదుంప, కంద, అరటికాయ ఒక పళ్ళెంలో, గుమ్మడికాయ, వంకాయ, ములక్కాడ, పర్వల్ ఇంకో పళ్ళెంలో విడివిడిగా పెట్టుకోండి. ముక్కలు పెద్దగా, నిమ్మకాయ సైజులో తరగాలి. కందా చేమా చేతులకి దురద పుట్టిస్తాయి, నూనె రాసుకుని తరగండి.

నేను మొదటిసారి చేసినప్పుడు అన్నీ ఒకేసారి కుక్కర్లో వేశాను. మూత తీస్తే గుమ్మడికాయ కనిపించలేదు, మొత్తం పచ్చటి జావ. మావుసికి రుచి చూపిస్తే ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి మా పొయ్యి దగ్గర కూర్చుంది. పప్పుని రెండు విజిల్స్‌కే దింపించింది. దళసరి డెక్చీలోకి వంపించి, పసుపు, బిర్యానీ ఆకు, దంచిన అల్లం వేయించింది. మొదటి పళ్ళెం ముక్కలు వేసి మూత పెట్టాం. పది నిమిషాలకి చేమదుంపని కత్తిమొనతో గుచ్చి చూసి, కొస దిగాక రెండో పళ్ళెం వేయమంది. నేను గరిటె పట్టుకుంటే నా చెయ్యి ఆపింది.

"కలపకమ్మా, గరిటె పెడితే ముక్క విరుగుతుంది" అని, రెండు గుడ్డలతో డెక్చీ అంచులు పట్టుకుని చేట చెరిగినట్టు రెండుసార్లు ఎగరేసింది. అడుగు ముక్కలు పైకి వచ్చాయి, ఒక్కటీ చితకలేదు. ఇప్పటికీ డాల్మా చేసేటప్పుడు నేను గరిటె ముట్టను.

ముక్కలు ఉడికాక ఉప్పు, ఇష్టమైతే కొంచెం బెల్లం, గుప్పెడు కొబ్బరి తురుము వెయ్యాలి. ఇక పోపు. ఒడియాలో దాన్ని పంచ ఫుటణ అంటారు. ఆవాలు, జీలకర్ర, సోంపు, కలోంజి (నల్ల జీలకర్ర) సమానంగా, మెంతులు మిగతావాటిలో సగం. మెంతులు కూడా సమానంగా వేసేవాళ్ళున్నారు కానీ నాకు ఆ చేదు నచ్చదు. ఇవన్నీ ముందే కలిపి చిన్న సీసాలో పెట్టుకోండి. రెండు చెంచాల నెయ్యి వేడయ్యాక రెండు ఎండుమిరపకాయలు, చెంచాడు ఈ గింజలు వేసి, చిటపటలు ఆగకముందే డెక్చీలో ఒంపి వెంటనే మూత పెట్టాలి. మెంతి నల్లబడితే ఆ పోపు పారబోసి మళ్ళీ పెట్టుకోండి. ఒక చెంచా నెయ్యి పోతే పోయింది, గిన్నెడు డాల్మా చేదెక్కకుండా ఉంటుంది.

చివరికి వేపిన జీలకర్ర, ఎండుమిర్చి గుండ. జీలకర్ర ముదురు రంగు వచ్చే వరకూ నూనె లేకుండా వేపి, విడిగా వేపిన ఎండుమిరపకాయలతో బరకగా దంచాలి. మన శ్రీకాకుళం వైపు కంది గుండ, కారం గుండ అన్నట్టే ఒడియాలోనూ పొడిని గుండ అనే అంటారు. ఈ గుండ పొయ్యి మీద ఉన్నప్పుడు వెయ్యకూడదు. దించాక పైన చల్లి, మూత పెట్టి అయిదు నిమిషాలు ఆగాలి. డాల్మాకి ఆ వాసనే ప్రాణం.

కార్తీకంలో హబిస అనే వ్రతం ఉండే ఇళ్ళల్లో ఇదే డాల్మా పెసరపప్పుతో, పసుపు లేకుండా తెల్లగా వండుతారు. అరటికాయ, చేమదుంప, అల్లం, కొబ్బరి, నెయ్యి. కొందరు ఔ అనే పుల్లటి కాయ ముక్కలు కూడా వేస్తారు. అది వేస్తే మళ్ళీ మన పాత నియమమే, పప్పు మెత్తబడ్డాకే. ఒంట్లో బాగోలేనప్పుడు కూడా ఈ తెల్ల డాల్మా హాయిగా ఉంటుంది.

పెసరపప్పు, మినపప్పు

పెసరపప్పుని వేపకుండా వండితే పచ్చివాసన వస్తుంది. బాణలిలో అక్కడక్కడా గోధుమరంగు చుక్కలు వచ్చే వరకూ వేపి, కడిగి, గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్ళతో రెండే విజిల్స్ రానివ్వాలి. మునగాకు వేసి ఉడికించి, వెల్లుల్లి పోపు పెడితే మునగాకు పప్పు. ఒడియా వాళ్ళు దీన్నే సజనా శాగ అంటూ పెసరపప్పుతో ఇష్టంగా వండుకుంటారు. పప్పు పలచగా చేసి నిమ్మరసం పిండితే పెసరకట్టు. నిమ్మరసం పొయ్యి ఆపేశాకే, లేకపోతే చేదు వస్తుంది.

మినపప్పుని మనం ఇడ్లీకి, సున్నుండలకి, పోపుకి వాడతాం గానీ అన్నంలోకి పప్పుగా చెయ్యం. ఒడియా ఇళ్ళల్లో బిరి డాలి మామూలే. ఎర్రగా వేపి ఉడికించాలి, వేపకపోతే జిగురు. ఇంగువ, వెల్లుల్లి పోపు ఎక్కువగా పడాలి. మా ఇంట్లో వర్షాకాలం రాత్రుళ్ళు వేడన్నంలో దీన్నే ఇష్టపడతారు.

ఉలవలు

చలికాలంలో వారానికోసారి చేస్తాను. రెండు గ్లాసుల ఉలవలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ఎనిమిది గ్లాసుల కొత్త నీళ్ళతో పది విజిల్స్ రానివ్వాలి. కుక్కర్ చిన్నదైతే రెండు విడతలుగా పెట్టండి. వడకడితే వచ్చే ఎర్రటి నీళ్ళే కట్టు. గింజల్లో రెండు గుప్పెళ్ళు తీసి మెత్తగా రుబ్బి అందులో కలపాలి. మిగతా గింజలకి పోపు పెట్టి గుగ్గిళ్ళు చేసుకోవచ్చు. కట్టులో చింతపండు రసం, ఉప్పు, కారం, కొంచెం బెల్లం వేసి, సన్నసెగ మీద గరిటెకి పట్టేలా అయ్యే వరకూ మరిగించాలి. తొందరపడితే నీళ్ళచారు అవుతుంది. రెండో రోజుకి రుచి ఇంకా బాగుంటుంది కాబట్టి ముందు రోజే చేసిపెట్టుకోవడం మంచిది.

ఒక కుక్కర్‌తో రెండు పూటలు

ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి ఇది పనికొస్తుంది. పొద్దున్న గ్లాసున్నర కందిపప్పు ఇంకేమీ వెయ్యకుండా, పసుపు, నూనెతో మాత్రం ఉడికించండి. సగం మెదిపి ముద్దపప్పో, తోటకూర పప్పో చేసుకోండి. మిగతా సగం మెదపకుండా స్టీల్ డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం అందులో నుంచి డాల్మా అయినా, పప్పుచారు అయినా అరగంటలో అవుతుంది. ఉడికిన పప్పు ఫ్రిజ్‌లో గడ్డ కడుతుంది, వేడినీళ్ళే పోసి కరిగించాలి. పులుపు కలపని పప్పు కాబట్టే ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

సంక్రాంతి ముందు ఎండల్లో నేను వడియాలు పెడతాను. మినపప్పు నానబెట్టి, గట్టిగా రుబ్బి, బూడిద గుమ్మడి తురుము నీళ్ళు పిండి కలిపి, చేత్తో చాలాసేపు గిలకొట్టాలి. గిన్నెడు నీళ్ళలో చుక్క పిండి వేస్తే తేలాలి. మునిగితే ఇంకా కొట్టాలి. ఉప్పు కలిపి, పాత చీర మీద చిన్నచిన్నవిగా పెట్టి, గలగలలాడే వరకూ మూడు నాలుగు రోజులు ఎండబెట్టాలి. మనం వడియాలంటాం, వీళ్ళు బడి అంటారు. నూనెలో వేపి పప్పుచారు వడ్డించే ముందు నాలుగు వేస్తే పైన కరకరలాడుతూ, అడుగున చారు పీల్చుకుని ఉంటాయి. ఈసారి రెండు డబ్బాలు పెట్టాను. ఒకటి గుణుపూర్ మీదుగా వెళ్ళే బస్సులో రాయగడకి మా అమ్మాయికి పంపించాలి, దాంతో పాటు పంచ ఫుటణ సీసా కూడా.